అన్నయ్య పెళ్ళికి పొందూరు ఖద్దరు చీర కట్టుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: వైశాఖంలో విజయనగరంలో అన్నయ్య పెళ్ళి, రాత్రి ముహూర్తం. ఆడపడుచు హోదాలో మీకు పొందూరు ఖద్దరు చీర కట్టుకోవాలని ఉంది. పెళ్ళయ్యాక అదే చీర శ్రీకాకుళంలో కాలేజీకి పాఠం చెప్పడానికి కట్టుకెళ్ళాలి. అమ్మగారేమో "పెళ్ళికి ఖద్దరేటే, చూసినోళ్ళు ఏటనుకుంటారు" అంటున్నారు. నాన్నగారికీ ఖద్దరు పంచె తీయొచ్చా అని చివర్లో అడిగారు.

కట్టుకోవచ్చు. వ్రతానికో స్నాతకానికో సరిపెట్టుకోనక్కర్లేదు, ముహూర్తానికే కట్టుకోవచ్చు. అంచు లేని తెల్ల చీర మాత్రం వద్దు. జాకెట్టు పట్టుది కుట్టించండి. గంజి పల్చగా పెట్టండి. వీటిలో ఏది తప్పినా చీర ఎంత మంచిదైనా పెళ్ళిలో వెలవెలబోతుంది.

అమ్మగారి మాట తీసిపారేయకండి. ఆవిడకు నిజంగా నచ్చనిది ఖద్దరు కాదు, బోసి తెలుపు. రంగు అంచు లేని తెలుపును మన పెద్దవాళ్ళు శుభకార్యంలో చూడలేరు. అది వాళ్ళ మనసుకు సంబంధించిన సంగతి, వాదించి గెలిచేది కాదు. అదే నూలు బట్టకు ఎర్రంచు వేసి, కొసలకు పసుపు రాస్తే మధుపర్కాలు అవుతాయి. అప్పటిదాకా ఎంత ఖరీదైన పట్టు కట్టినా, తాళి కట్టే వేళకు చాలా ఇళ్ళలో పెళ్ళికూతురి ఒంటి మీద ఉండేది ఆ నూలు చీరే. పెళ్ళికి నూలు తక్కువదైతే దానికి ఆ చోటు దక్కేదే కాదు. అమ్మగారికి ఇదొక్కటి గుర్తు చేయండి, తర్వాత రంగు అంచున్న చీరను చేతికివ్వండి.

మధుపర్కాల వల్లే ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తెలుపు మీద సన్నని ఎర్రంచు చీర మీరు కట్టకూడదు. పీటల మీద వదిన అదే రంగులో కూర్చుని, పక్కన మీరు అదే రంగులో నిలబడితే ఫొటోల్లో ఇద్దరు పెళ్ళికూతుళ్ళు కనిపిస్తారు. మీగడ రంగు మీద నెమలికంఠం, రాణీ లేదా చిలకపచ్చ అంచు తీయండి. జాందానీ పనితనంతో, అంటే మగ్గం మీదే చేత్తో నేసిన బుటాలు, కొంగు ఉన్న చీర దొరికితే ఇంకా నయం, దూరం నుంచి కూడా పెళ్ళిచీరలా కనిపిస్తుంది. జరీ అంచు ఉంటే అమ్మగారికి తృప్తి. మరీ వెడల్పు జరీ మాత్రం ఈ బట్టకు బరువు. సన్న నూలు పక్కన బరువైన జరీ ఉంటే మొదటి ఉతుకు తర్వాత రెండూ ఒకేలా ముడుచుకోవు, అంచు వెంట చీర అలలు తిరుగుతుంది. రెండు, రెండున్నర అంగుళాల జరీ దాటి వెళ్ళకండి.

కొనేటప్పుడు ఏం చూడాలంటే, ఖద్దరంటే చేత్తో వడికిన నూలుతో చేత్తో నేసినది. మిల్లు నూలుతో చేత్తో నేసినది చేనేత, అది మంచి బట్టే కానీ ఖద్దరు కాదు. పొందూరులో కొండపత్తి, పునాస పత్తిని వాలుగ చేప దవడ పళ్ళతో ఏకి, దారాన్ని 100 కౌంటు (ఈ అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది), అంతకన్నా సన్నగా కూడా తీస్తారు. అంత సన్న నూలు కాబట్టే చీర ఒంటి మీద బరువు అనిపించదు. అంత సన్నది కాబట్టే కొక్కేనికీ పిన్నుకీ ఇట్టే చిక్కుకుంటుంది. కింద చెప్పిన జాగ్రత్తల్లో చాలావాటికి కారణం ఇదే. చీర మీద ఖాదీ మార్క్ ముద్ర ఉందో లేదో చూడండి. బట్టను పగటి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే దారం అక్కడక్కడ కాస్త లావై, మళ్ళీ సన్నబడుతూ కనిపించాలి. గీత గీసినట్టు అంతా ఒకేలా ఉంటే అది చేత వడికిన నూలు కాకపోవచ్చు. అనుమానం తీరకపోతే కొంగు కొసన వేలాడే పోగు ఒకటి తీసి వెలిగించండి. నూలు కాగితంలా మండి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పొందూరు వెళ్ళి అక్కడి ఖాదీ సంఘంలోనే తీయగలిగితే ఈ అవస్థ ఉండదు, శ్రీకాకుళం నుంచి ఎంతో దూరం కాదు.

చీర తెచ్చిన రోజే ఫాల్ కుట్టించేయకండి. ఖద్దరు మొదటి తడికి ముడుచుకుంటుంది, ఫాల్ ఇంకోలా ముడుచుకుంటుంది. రెండింటినీ ముందు తడపకుండా కలిపి కుట్టేస్తే ఉతికాక కుచ్చిళ్ళ కింద బట్ట గుంజుకుపోయి కనిపిస్తుంది, ఇస్త్రీకి కూడా లొంగదు. ముందు చీరను ఒక గంట చన్నీళ్ళలో నానబెట్టండి. రంగు అంచు ఉంటే బకెట్లో ఓ గుప్పెడు కల్లుప్పు వేసి, మీగడ రంగు భాగం మీద రంగు అంచు ముద్దగా పడి ఉండకుండా చీరను విప్పి ముంచండి. జరీ ఉన్నది ఉప్పునీళ్ళలో పెట్టొద్దు, ఉత్త నీళ్ళలో ఐదు నిమిషాలు ముంచి తీసేయండి. పిండకుండా నీడలో ఆరేయాలి. నూలు ఫాల్ తీసుకుని దాన్నీ విడిగా నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాక కుట్టాలి. మిషన్ మీద అయితే 9 లేదా 11 నంబరు సూది, దారం టెన్షన్ వదులుగా. 14, 16 సూదులు ఈ బట్టలో చిల్లులు మిగులుస్తాయి. పైవైపు చేతికుట్టు వేస్తామంటే ఓ నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే మేలు.

ఇక జాకెట్టు. చీర సాదాగా ఉన్నప్పుడు పెళ్ళికళ తెచ్చేది ఇదే, ఇక్కడ బద్ధకించకూడదు.

బట్ట రా సిల్కు గానీ, సాదా పట్టు గానీ తీసుకోండి. మోచేతి దాకా చేతులు కావాలంటే 44 అంగుళాల పన్నాలో మీటరు తీసుకుంటే టైలరు ఇబ్బంది పడడు. రంగు అంచులోంచి ఎంచండి, చీర ఒంటి రంగులోంచి కాదు. రాత్రి ముహూర్తం కాబట్టి దీపాల కింద చూసుకోవాలి. ముదురు మెరూన్, నేవీ బ్లూ పందిట్లో నల్లగా తేలిపోతాయి. రాణీ, నెమలికంఠం, చిలకపచ్చ నిలబడతాయి. అమ్మగారి పాత పట్టుచీర ఒకటి పక్కన పడి ఉంటే దాని అంచుతో చేతులకు పట్టీ వేయించవచ్చు. ముందు ఆ బట్టను రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి గట్టిగా లాగండి. చిరుగుతున్న చప్పుడు వస్తే అది కుట్టుకు ఆగదు, ఆశ వదులుకోండి.

రంగు దిగుతుందో లేదో కుట్టించకముందే చూడాలి. వైశాఖంలో మన దగ్గర ఉక్కపోత సంగతి చెప్పనక్కర్లేదు. చంకలోనూ భుజం మీదా చెమటకు తడిసిన ఎర్ర పట్టు రంగు వదిలితే అది నేరుగా మీగడ రంగు కొంగుకు అంటుకుంటుంది. ఆ మరక ఇక పోదు. జాకెట్టు గుడ్డ మూల మీద ఉప్పునీళ్ళతో తడిపిన తెల్ల నూలు గుడ్డ వేసి, పైన వేడి ఇస్త్రీపెట్టె అర నిమిషం అదిమి తీయండి. తెల్ల గుడ్డకు లేతగా రంగు పట్టినా సరే, ఆ బట్ట ఈ చీరకు పనికిరాదు. పైపింగ్ గుడ్డకూ ఇదే పరీక్ష చేయండి. చాలామంది అసలు గుడ్డను చూసి పైపింగ్‌ను వదిలేస్తారు, మెడ వెంట మరక పడేది సరిగ్గా దానివల్లే.

లైనింగు నూలుదే వేయించండి, కత్తిరించేముందు నీళ్ళలో ముంచి ఆరబెట్టమని చెప్పండి. పై పట్టు కన్నా లైనింగు కొద్దిగా బిగువుగా ఉండాలి. చేయి కదిపినప్పుడు లాగుడంతా లైనింగు మీద పడితే పట్టు కుట్ల దగ్గర విచ్చుకోదు. పక్క కుట్లలో అంగుళంన్నర మడత మిగల్చమనండి. చంక భాగం లోతుగా కత్తిరిస్తే సుఖంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, జరిగేది వేరు. లోతు చంక ఉన్న జాకెట్టుతో చేయి ఎత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. ఆడపడుచుగా మీరు హారతి ఇవ్వాలి, అక్షింతలు వేయాలి, బిందెలు పళ్ళేలు అందుకోవాలి. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉండాలి.

మగ్గం వర్క్ చేయించాలని ఉంటే చేతుల మీద, వీపు మెడ చుట్టూ చేయించండి. ఎడమ భుజం మీద, ఎడమ ముందు భాగంలో రాళ్ళూ జర్దోసీ వద్దు. కొంగు ఆనేది అక్కడే. రాత్రంతా కదులుతూ ఉంటే ఆ రాళ్ళ అంచులు ఆకురాయిలా పనిచేసి ఖద్దరు పోగుల్ని తెంపుతాయి. తెల్లారేసరికి భుజం దగ్గర కొంగు మీద నూగు లేచి కనిపిస్తుంది, రెండోసారి కట్టేటప్పటికి అది చిల్లు అవుతుంది. రెండు వైపులా ఒకేలా ఉండాలని టైలరు పట్టుబట్టినా వినకండి, ఆ వైపు ఎలాగూ కొంగు కింద దాగి ఉంటుంది.

లోపలి లంగా నూలు పాప్లిన్, చీర ఒంటి రంగే. తెల్లటి తెలుపు వేస్తే మీగడ చీర కింద వేరుగా మెరుస్తుంది. శాటిన్ లంగా మీద ఖద్దరు నిలవదు, కుచ్చిళ్ళు జారుతూనే ఉంటాయి. పొడవు నేలకు అంగుళంన్నర పైన.

గంజి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెళ్ళిలో ఖద్దరు బాగోలేదని జనం అనేది చాలాసార్లు గంజి తప్పు వల్లే. కాలేజీకి పెట్టినట్టు దట్టంగా పెడితే నడుము దగ్గర చీర బుట్టలా ఉబ్బుతుంది, నేల మీద కూర్చుని లేచాక ఒళ్ళో పడిన మడతలు ఇక పోవు. అసలు పెట్టకపోతే గంటలో నలిగిన గుడ్డలా వేలాడుతుంది.

సగ్గుబియ్యం గంజి వాడండి. అన్నం గంజి తెల్లచీరకు పరవాలేదు గానీ ముదురు రంగు అంచు మీద తెల్లటి పొరలా తేలుతుంది, ఉక్కలో పులిసిన వాసన కూడా వస్తుంది. రెండు పెద్ద చెంచాల సగ్గుబియ్యం అరగంట నానబెట్టి, లీటరు నీళ్ళలో గింజ పూర్తిగా కరిగి గాజులా పారదర్శకంగా అయ్యేదాకా కలుపుతూ మరిగించండి. పల్చని గుడ్డలో వడకట్టాలి, ఉండలు మిగిలితే బట్ట మీద మచ్చలవుతాయి. దాన్ని పెళ్ళి చీరకైతే 6 లీటర్ల నీళ్ళలో కలపండి, కాలేజీ చీరకైతే 3 లీటర్లు చాలు. చీరను ముందు మామూలు నీళ్ళలో తడిపి, నీళ్ళు ఓడ్చాకే గంజిలో ముంచాలి. పొడి చీరను ముంచితే మొదట మునిగిన చోట గంజి ఎక్కువ పట్టి, మిగతా చోట పట్టదు. నాలుగైదు నిమిషాలు కిందికీ పైకీ ఆడించి, పిండకుండా తీసి, నీడలో రెండు తాళ్ళ మీద పరిచి, ఇద్దరు చెరో వైపు అంచులు పట్టుకుని నిదానంగా లాగండి. ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే తిరగేసి ఇస్త్రీ చేయాలి. పూర్తిగా ఎండిపోతే నీళ్ళు చిలకరించి, చుట్టి, ఓ పావుగంట ఉంచాక చేయండి. జరీ మీద పలుచటి గుడ్డ వేసే ఇస్త్రీ.

ముందురోజు సాయంత్రం కొంగు మడతలు పెట్టి, ఇస్త్రీ చేసి, క్లిప్పులు పెట్టి ఉంచుకోవచ్చు. ఐదారు మడతలు, ఒక్కోటి నాలుగైదు అంగుళాలు. ఒక రాత్రి అలా ఉంటే నష్టం లేదు. గంజి చీరను అదే మడతలో వారాల తరబడి వదిలేస్తే మాత్రం మడత గీత వెంట పోగులు విరుగుతాయి.

కట్టుకునేటప్పుడు చెప్పులు వేసుకున్నాకే మొదలుపెట్టండి. మొదటి చుట్టు బిగించొద్దు, పిడికిలి దూరేంత వదులు ఉండాలి. పీటల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చునేటప్పుడు బిగువు చుట్టు ఉంటే ఇంత సన్న బట్ట తుంటి దగ్గర అడ్డంగా చీలిపోతుంది. పల్చటి బట్ట కాబట్టి కుచ్చిళ్ళు ఆరేడు వస్తాయి. పిన్ను పెట్టేటప్పుడు ముందుగా దానికి చిన్న పూసో చొక్కా గుండీయో ఎక్కించండి. పిన్ను చుట్ట దగ్గర పోగు ఇరుక్కోకుండా ఆ పూస అడ్డుపడుతుంది. ఒక పొరకు పిన్ను పెట్టొద్దు, కొంగు మడతలన్నీ కలిపి జాకెట్టు కుట్టు మీద పెట్టాలి.

నగలు తక్కువే పెట్టుకోండి, కానీ పెట్టుకున్నది కనిపించేలా. కాసులపేరు ఈ చీరకు చాలా బాగుంటుంది, అంచులు నున్నగా ఉంటాయి కాబట్టి పట్టదు. గుట్టపూసల హారం అందమే గానీ వెనక తీగ కొసలు బయటికి ఉంటే పోగుల్ని లాగుతాయి, పెట్టుకునేముందు అరచేతి మీద రుద్ది చూసుకోండి. వడ్డాణానికి వెనక వెల్వెట్ పట్టీ ఉంటేనే. పెద్ద జుంకాలు, చేతినిండా మట్టి గాజులు, జడలో మల్లె, కనకాంబరం, ఇంత చాలు. మాల తడి ఆరాక తలలో పెట్టుకోండి, లేకపోతే కొంగు వీపు మీద తడిసి పచ్చగా మచ్చ పడుతుంది.

పెళ్ళిలో మరకలు పడకుండా ఎలాగూ ఉండవు. తలంబ్రాల బియ్యంలోనే పసుపు ఉంటుంది. పసుపు పడిన చోట సబ్బు తగలనీయకండి. సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రబడుతుంది, చూసి గాభరా పడి ఇంకా రుద్దుతారు, అప్పుడు లోపలికి దిగుతుంది. పొడిగా దులిపేసి ఊరుకోండి. ఇంటికొచ్చాక చన్నీళ్ళలో జాడించి, మరక ఉన్న మీగడ రంగు భాగం మాత్రం ఎండ తగిలేలా ఆరేస్తే రెండు మూడు ఎండల్లో పసుపు చాలావరకు పోతుంది. రంగు అంచును నీడలో ఉంచండి, ఆ ఎండకే అదీ వెలుస్తుంది. కుంకం పడితే నీళ్ళు అద్దొద్దు, ఊది, మెత్తని కుంచెతో దులపండి. నెయ్యో నూనెనో అంటితే టాల్కం పౌడరు ధారాళంగా చల్లి గంట ఆగి దులిపేయండి. సెంటు ఒంటికి కొట్టుకుని ఆరాక చీర కట్టండి, జరీ మీద పడితే నల్లబడుతుంది.

నాన్నగారికి ఖద్దరు పంచె తప్పకుండా తీయండి. పెళ్ళికొడుకు తండ్రిగా పీటల దగ్గర కూర్చోవాలి కాబట్టి గోచీ పెట్టి కట్టేంత పొడవు, నాలుగు మీటర్లది తీసుకోండి. అంగుళం అంచు, కండువాకూ అదే అంచు. లోపల తెల్ల నిక్కరు వేసుకుంటే సన్న ఖద్దరులోంచి గీతలా కనిపిస్తుంది. లేత బూడిద లేదా ఒంటి రంగుది వేసుకోమనండి. లాల్చీ గుడ్డ 36 అంగుళాల పన్నాలో మూడు మీటర్లు తీసుకుని నానబెట్టాకే టైలరుకివ్వండి. అలా కాకుండా కుట్టిస్తే మొదటి ఉతుకుకే చేతులు మణికట్టు పైకెళ్తాయి. పంచెకు గంజి మీ చీర కన్నా కొంచెం ఎక్కువే ఉండొచ్చు.

పెళ్ళి తర్వాత ఇదే చీరను కాలేజీకి మార్చడం తేలిక. పట్టు జాకెట్టు తీసి కలంకారీ లేదా ఇక్కత్ నూలు జాకెట్టు వేయండి. అంచు రంగులోనే సాదా నూలు జాకెట్టు ఒకటి కుట్టించుకుంటే మూడు రకాలుగా తిరుగుతుంది. కొంగు మడతలు పిన్ను చేసి, మెడలో సన్న గొలుసు, అంతే. ఉతకడానికి ఎనిమిదో పదో కుంకుడుకాయలు కొట్టి రాత్రంతా లీటరు నీళ్ళలో నానబెట్టి, పిసికి వడకట్టిన రసం బకెట్ నీళ్ళలో కలుపుకోండి. బ్రష్షు, వాషింగ్ మిషన్, మెలిపెట్టి పిండటం ఏవీ వద్దు. నెలల తరబడి బీరువాలో పెట్టేటప్పుడు గంజి పూర్తిగా పోయేలా ఉతికే పెట్టాలి, గంజి కోసమే వెండి పురుగులు బట్టను కొరుకుతాయి. ప్లాస్టిక్ కవరు కాకుండా పాత నూలు పంచెలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి.

ఇంత చెప్పినా అమ్మగారు ముహూర్తానికి పట్టే అంటే గొడవపడకండి. స్నాతకానికి గానీ మర్నాడు సత్యనారాయణ వ్రతానికి గానీ ఖద్దరు కట్టండి, ముహూర్తానికి తేలికైన ఉప్పాడ పట్టు చూడండి. చీర మాత్రం ఇప్పుడే తీసి తడిపి పెట్టుకోండి. పెళ్ళిళ్ళ కాలంలో టైలర్లకు తీరిక ఉండదు, జాకెట్టు గుడ్డ కనీసం నెల ముందు ఇచ్చి, వారం ముందు చేతికి తీసుకోండి. తీసుకున్న చోటే తొడుక్కుని, చేతులు రెండూ తల పైకెత్తి, కూర్చుని లేచి చూసుకోండి. సరిచేయాల్సింది ఉంటే అక్కడే ఇచ్చేయొచ్చు.